అప్‌డేట్: ఎలైసా ప్లేటులో రంగు రాకపోవడం – కారణం దొరికింది (కర్నూలు)

ఎలైసాతో (రంగు మార్పును బట్టి ప్రోటీన్‌ను కొలిచే టెస్ట్) ఎలుకల సీరమ్‌లో ఐఎల్-6 అనే ప్రోటీన్ కొలుస్తుంటే శాంపిళ్లలోనే కాదు, స్టాండర్డ్ వెల్స్‌లో (ఐఎల్-6 ముందే తెలిసిన మోతాదులో వేసిన గుంటలు) కూడా నీలం రంగు రావడం లేదని అడిగాను. సమస్య తీరింది. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది ట్యూబ్ టెస్ట్. కొంచెం టీఎంబీలో (రంగునిచ్చే ద్రావణం) ఒక చుక్క హెచ్‌ఆర్‌పీ కాంజుగేట్ (టీఎంబీని నీలంగా మార్చే ఎంజైమ్ ఉన్న ద్రావణం) వేయగానే ముదురు నీలం వచ్చేసింది. అంటే రెండూ బాగానే ఉన్నాయి. అదే కాంజుగేట్‌ను ముందు మా వాష్ బఫర్‌లో (ప్లేటు కడిగే ద్రావణం) కలిపి వేస్తే రంగే లేదు! కిట్ కంపెనీ టెక్నికల్ సపోర్ట్ వాళ్లకు చెప్పగానే వాళ్లు అడిగిన మొదటి మాట, బఫర్‌లో సోడియం అజైడ్ ఉందా అని. ఉంది. ల్యాబ్‌లో అందరూ వాడే ఆ సీసాలో బూజు పట్టకుండా ఎవరో కలిపారు, లేబుల్ మీద మాత్రం రాయలేదు. అజైడ్ హెచ్‌ఆర్‌పీని పని చేయనివ్వదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే వేరే ఎంజైమ్ వాడే కిట్లకైతే ఈ బాధ లేదు.

కిట్‌తో వచ్చిన వాష్ బఫర్ వాడాక స్టాండర్డ్ కర్వ్ చక్కగా వచ్చింది. ఎండకు దారిలో కిట్ పాడైందేమో, రీడర్‌లో (రంగును కొలిచే యంత్రం) 450 నానోమీటర్ల ఫిల్టర్ పోయిందేమో అన్న అనుమానాలు రెండూ తేలిపోయాయి.

సీరమ్ మిగతా భాగాలు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉన్నాయి కాబట్టి ఎలుకల మీద మళ్లీ ప్రయోగం చేయాల్సిన పని లేదు. నా టెన్షన్ అంతా దాని గురించే.