పాత వేక్‌బోర్డ్ బోటు కొనొచ్చా, కొత్తదే తీసుకోవాలా?

గండికోట గట్టు:
అన్నలూ, ఒక సలహా కావాలి. నేనూ మా బావా కలిసి గండికోట రిజర్వాయర్‌లో వేక్‌బోర్డింగ్ పెడదామనుకుంటున్నాం. కాళ్లకు పలక బిగించుకుని, బోటు వెనక తాడు పట్టుకుని అల మీద ఎగిరే ఆట అది. గోవాలో ఒక పాత బోటు ఉంది. 21 అడుగులు, 2012 మోడల్, ఇంజిన్ 640 గంటలు తిరిగినట్టు మీటరు చూపిస్తోంది. 24 లక్షలంటున్నాడు. కొత్తదైతే సుంకాలు, పన్నులు కలిపి కోటి పైన అవుతుందన్నారు. బావ మాత్రం కొత్తదే కావాలని పట్టుబట్టాడు.

పెట్రోల్ లెక్క:
కొత్తది మర్చిపో. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరదా బోట్ల మీద జీఎస్టీ 40 శాతం. పైగా ఇంజిన్ గంటకు 15, 20 లీటర్లు తాగుతుంది. కోటి పెట్టి కొన్నాక పెట్రోల్ పోయడానికి ఏం మిగుల్తుంది?

అనంతపురం అల్లుడు:
మీ బావ మాటే నిజం. జనాన్ని ఎక్కించే పని ఇది. కచ్చులూరు దగ్గర 2019లో గోదావరిలో బోటు మునిగి ఏం జరిగిందో చూశాం. పాత బోటు నడినీళ్లలో ఆగిపోతే ఎవరు జవాబు చెప్తారు? కొత్తదానికి వారంటీ ఉంటుంది.

పెన్నా మెకానిక్:
వారంటీ కాగితం పట్టుకుని కడపలో ఎవరి దగ్గరికి పోతావు సామీ? నా ఓటు పాతదానికే. కానీ ఈ బోటుకు కాదు. అది గోవాది, ఉప్పు నీళ్లలో తిరిగింది. ఈ బోట్లకు కారు ఇంజిన్ లాంటి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, లోపలే ఉంటుంది. చాలావాటిలో బయటి నీళ్లనే లోపల తిప్పి చల్లబరుస్తారు. రోజూ మంచినీళ్లతో కడగకపోతే ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టాన్ని, అదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని, లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది!

నేనొకసారి మోసపోయాను. నీళ్ల పంపులో అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం ఉంటుంది, ఇంపెల్లర్ అంటారు. నేను కొన్న బోటులో దానికి రెండు రెక్కలు లేవు. ఆ ముక్కలు పోయి కూలర్‌లో ఇరుక్కున్నాయి. అవుకు రిజర్వాయర్‌లో పది నిమిషాలు తిప్పేసరికి ఇంజిన్ ఉడికిపోయింది. చిన్న పని చూసుకోక ఇంజిన్ విప్పాల్సి వచ్చింది.

ఆయిల్ గేజి తీసి చూడు. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే, అక్కణ్నుంచే వెనక్కి వచ్చేయ్. ఎనిమిది సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ చేయించు, లోపల ఒత్తిడి సరిగా నిలుస్తోందో లేదో తెలుస్తుంది. నేలంతా సుత్తి పిడితో తట్టి చూడు, ఎక్కడైనా బొదబొదమని మోగితే, లోపల చెక్క ఉన్న బోటైతే అది కుళ్లినట్టే. మీటరు గంటలు తక్కువున్నాయని మురిసిపోవద్దు. ఏళ్లతరబడి కదలని ఇంజిన్‌కే రోగాలెక్కువ.

ఎండిన చెరువు:
ఒక మాట. ఈ బోట్ల అడుగున ట్యాంకులుంటాయి, వాటిలో నీళ్లు నింపి బరువెక్కిస్తేనే అల పెద్దగా లేస్తుంది. అంటే బోటు లోతుగా కూర్చుంటుంది. గండికోట నిండితే 26.85 టీఎంసీలు సరే, ఎండాకాలం నీళ్లు దిగాక రాళ్లు తేలే చోట ప్రొపెల్లర్ తగిలిందనుకో? కొత్తదైతే మీ బావకు గుండె ఆగుతుంది.

అనంతపురం అల్లుడు:
అది ఒప్పుకుంటా. అయినా కాగితాలు చూసుకోండి. 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి. రిజర్వాయర్‌లో తిప్పడానికి అనుమతి రాకముందే అడ్వాన్స్ ఇవ్వొద్దు.

గండికోట గట్టు:
ఫోన్ చేశాను. ఉప్పు నీళ్లేనట, రోజూ కడిగామంటున్నాడు. మానిఫోల్డ్ విప్పి చూపించమంటే, మళ్లీ బిగించేటప్పుడు అతుకులో వేసే గాస్కెట్ ఖర్చు నాదేనన్నాడు. సరే ఇస్తానన్నా. పెన్నా అన్నా, దారి ఖర్చులు నావి, ఆదివారం వస్తావా?

పెన్నా మెకానిక్:
వస్తా. సుత్తి నేనే తెస్తా.

గండికోట గట్టు:
బావ మాత్రం మాట్లాడటం లేదు.