వక్త పరిచయం: బయోడేటా నాలుగు పేజీలుంది, ఏం చేయాలి?

ప్రశ్న (డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరర్, శ్రీకాకుళం):
ఆగస్టు 29న మా కాలేజీలో తెలుగు భాషా దినోత్సవం. సవర గిరిజనుల భాష మీద పనిచేసిన రిటైర్డ్ ప్రొఫెసర్ మేడమ్ వస్తున్నారు. ఆవిణ్ణి సభకు పరిచయం చేసే పని నాకప్పగించారు. నాలుగు పేజీల బయోడేటా పంపారు. అంతా చదివితే పిల్లలు లేచిపోతారు, వదిలేస్తే ఆవిడ నొచ్చుకుంటారేమోనని భయం. ముఖ్య అతిథి ఒక రంగస్థల నటుడు. ఆయన పేరు ముందు ‘పద్మశ్రీ’ అని కార్డు ప్రూఫులో వేశారు. అలాగే పిలవాలా?

జవాబు (హైదరాబాద్):
రెండు నిమిషాలు దాటనివ్వకండి. కాగితం చేతిలో ఉన్నా, చూపు పిల్లల మీద ఉండాలి.

జవాబు (రిటైర్డ్ లైబ్రేరియన్, తెనాలి):
అమ్మా, ఆ బయోడేటా నోటీసు బోర్డుకి అంటించండి. కావలసినవాళ్ళు చదువుకుంటారు, ఆవిడకీ తృప్తి.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో మా దగ్గర రోజుకో వక్త మాట్లాడేవారు. ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసేవాణ్ణి. ఇంటిపేరు ఎలా పలకాలి, డాక్టర్ అనాలా ఆచార్య అనాలా, మీరు చేసినవాటిలో ఏది చెబితే మీకు సంతోషం? ఈ చివరిదానికి వచ్చే జవాబు ఏ బయోడేటాలోనూ దొరకదు. బోలెడు పుస్తకాలు రాసిన ఒక రచయిత్రి, తాను రాత్రిబడిలో హమాలీలకు అక్షరాలు దిద్దించిన సంగతి చెప్పమన్నారు. అది చెప్పగానే వెనకబెంచీల్లో గుసగుసలు ఆగిపోయాయి.

మీకు దారి తేదీలోనే ఉంది. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి (1863). వాడుక భాష కోసం పోరాడిన ఆ మనిషే సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ఈ రెండు ముక్కలు చెప్పి నేరుగా మేడమ్ పనికి వచ్చేయండి. అంతకు మించితే ఆవిడ ఉపన్యాసం మీరే చెప్పేసినట్టవుతుంది.

ఇక పద్మశ్రీ. 1995లో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: పద్మ పురస్కారాలు బిరుదులు కావు, పేరుకి ముందూ వెనకా తగిలించకూడదు. ‘పద్మశ్రీ పురస్కారం అందుకున్న ఫలానా గారు’ అనండి, గౌరవం ఏమీ తగ్గదు. కార్డు అచ్చుకి వెళ్ళకముందే దిద్దించండి.

జవాబు (సభా వ్యాఖ్యాత, విజయవాడ):
లైబ్రేరియన్ మాస్టారు చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. వక్త ఆడవారైతే భర్త హోదా, చీర, ‘ఈ వయసులో కూడా’ లాంటి మాటలు దయచేసి వద్దు. ఒక సభలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని ‘ఫలానా అధికారిగారి సతీమణి’ అంటూ పిలిచారు. పాపం, ఆవిడ మైకు అందుకుని, తాను ఏం చదివారో ఏం పాఠం చెబుతారో తానే చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ కోపమే.

పేరు చివర్లో చెప్పండి, నిదానంగా, ఇంటిపేరుతో సహా. ఆ తర్వాత ఒక్క మాట కూడా వద్దు, చప్పట్లు కొట్టనివ్వండి. ఆవిడ మైకు దగ్గరికి వచ్చేదాకా అక్కడే నిలబడి, మైకు ఎత్తు సరిచేసి దిగండి. శాలువా, జ్ఞాపిక ఉపన్యాసం అయ్యాకే.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, మేడమ్‌కి ఫోన్ చేశాను. పుస్తకాల సంగతి వదిలేయమన్నారు. తనకు సవర నేర్పిన కొండఊరి పెద్దావిడ పేరు సభలో చెబితే చాలట. కార్డు ప్రూఫు దిద్దించడానికి ప్రెస్సుకి బయల్దేరుతున్నాను.