చెలక గట్టు పొంటి వాక్కాయ కంచె: పెట్టినోళ్లు చెప్పుండ్రి

పరకాల_చెలక: ఎర్రచెలక రెండెకరాలు ఉంది. అడవి పందులతోని మక్క దక్కుత లేదు. గట్టు పొంటి ముళ్ల వాక్కాయ చెట్లు పెడితే ఆగుతయా? గింజ పెట్టాల్నా, మొక్కలు తేవాల్నా?

జనగామ_గట్టు: ఆగుతయి గానీ ఓపిక పట్టాలె తమ్మీ. మాది గింజ కంచెనే. పండు పిసికి గింజ కడిగి, నీడకు ఆరినంక ఎంటనే పెట్టాలె. దాచిన గింజ మొలవది. మూడు నాలుగడుగులకో మొక్క. మొదట్ల కొసలు తుంచుకుంట పో, లేకుంటే పైకి పోయి కింద సందులు పడ్తయి. పంది దూరేది కిందికెళ్లే గదా. కాత మూడో ఏడు.

హన్మకొండ_మిద్దెతోట: కాయల కోసమైతే అంటుమొక్క మేలు. వానాకాలంలో గాలి అంటు (చెట్టు మీదున్న కొమ్మకే వేరు పట్టించడం) కట్టుకోవచ్చు, మామూలు కొమ్మలు నాటితే వేరు పట్టడం కష్టం. పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ అని పంత్ నగర్ వర్సిటీ రకాలున్నాయి. కంచెకు అవెందుకు, దండగ. ఒక్క మాట: నీళ్లు నిలిచే రేగడిలో పెట్టకండి.

ములుగు_పోరడు: మా అడవిల ఎండకాలం తినే కలివి పండ్లు గివేనా?

జనగామ_గట్టు: కాదు, దాని చుట్టం. కలివి చిన్నగ, నల్లగ, తియ్యగుంటది. వాక్కాయ పెద్దది, తెలుపు మీద గులాబీ చాయ, వానకాలం కాయ. పచ్చిది నోట్ల పెడితే పళ్లు జివ్వుమంటయి. బేకరీల కేకు మీద పెట్టే ‘చెర్రీ’ చానాసార్లు పాకం, రంగు పట్టిన వాక్కాయనే.

కాజీపేట_వంటిల్లు: చింతపండు మానేసి పప్పులో వేసి చూడండి అన్నా. కాయ రెండుగా చీల్చి గింజలు తీసి ఉప్పునీళ్లలో వేస్తే పాలజిగురు పోతుంది, చేతికి మాత్రం ముందే నూనె రాసుకోవాలి. కందిపప్పు మెత్తగా ఉడికాకే కాయలు వేయండి. ముందే వేస్తే ఆ పులుపుకి పప్పు ఎంతసేపున్నా పలుకు పలుకుగానే ఉంటుంది. పచ్చిమిర్చి, ఎల్లిపాయ పోపు చాలు. తొక్కుకైతే పచ్చికాయే, పండితే మెత్తబడుతుంది.

పరకాల_చెలక: మరి కోతులు?

జనగామ_గట్టు: కోతికి కంచె ఏంది తమ్మీ, చెట్టు మీదికెళ్లి దుంకుతది. పందికి, గొడ్డుకే ఇది. ఇంకోటి, కొట్టిన కొమ్మలు బాట మీద ఇడ్సిపెట్టకు. ఆ ముల్లు బండి టైర్ల దిగుతది.

పరకాల_చెలక: అయితే బాట దిక్కు వదిలేసి అడవి దిక్కే పెడత. అది పెరిగేదాక తుమ్మకంప కొట్టి అడ్డమేస్త. పండ్లు రాలేటప్పుడు జర చెప్పన్నా, సంచి పట్టుకొని వస్త.