‘పాపమువలన వచ్చు జీతము’: ఇచ్చేదెవరు?

(మాట్లాడేవాళ్ల పేర్లకు బదులు ఊళ్ల పేర్లున్నాయి.)

కడప: బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన పత్రిక, రోమా 6:23లో “పాపమువలన వచ్చు జీతము మరణము” అని ఉంది. మా పక్క వాక్యం చెప్పేవాళ్లలో కొందరు ‘జీతం’ తీసేసి ‘శిక్ష’ అంటారు. అర్థం చెడదా?

గుత్తి: చెడుతుంది సార్. శిక్ష అంటే వేసేవాడు దేవుడని వినేవాళ్లు అనుకుంటారు. ఇక్కడ ఇచ్చేది పాపమే. ‘వలన’ దగ్గరే చాలామంది జారతారు. పాపం చేసినందువల్ల ఎవరో ఇచ్చేదనుకుంటారు. గ్రీకులో ఉన్నది వట్టి షష్ఠి, ‘పాపపు జీతం’ అన్నట్టు. అధ్యాయం మొత్తం చూడండి: 12లో పాపం ఏలాలని చూస్తుంది, 16లో దానికి దాసులుంటారు, 23లో లెక్క చూసి ఇచ్చేస్తుంది. మూలంలో పదం ఒప్సోనియా, ముఖ్యంగా సిపాయిల బత్తెం. లూకా 3:14లో బాప్తిస్మమిచ్చు యోహాను సిపాయిలకు “మీ జీతములతో తృప్తిపొందియుండుడి” అన్నదీ దీని గురించే. ఇంకోటి: 6:13లో మనం ‘సాధనములు’ అని చదివేది మూలంలో హోప్లా, ఆయుధాలు. అదే మాటను 13:12లో ‘యుద్ధోపకరణములు’ అన్నారు. ఇక్కడా అలాగే పెట్టుంటే దండు వాసన పోయేది కాదు.

ఆదోని: 1 కొరింథీ 9:7లో దండులో కొలువు చేసేవాని ‘సొంత ఖర్చు’ కూడా ఒప్సోనియానే. రోమా 6:23 రెండో సగం “అయితే దేవుని కృపావరము మన ప్రభువైన క్రీస్తు యేసునందు నిత్యజీవము”. అందులోని ‘కృపావరము’ను తొలినాళ్ల క్రైస్తవ రచయిత టెర్టులియన్ లాటిన్‌లో ‘దోనాతివుమ్’ అన్నాడు, అంటే చక్రవర్తి సైన్యానికి పంచే బహుమానం. పోలిక బాగా కుదిరింది కదా?

గుత్తి: నాకు నచ్చదు. ఆ బహుమానం కూడా కొలువులో ఉన్నవాడికే. పౌలు రోమా 5:15లో ‘కృపావరము’ అనే అదే పదాన్ని అపరాధానికి ఎదురు పెట్టినాడు, కొలువు ఊసే లేదు. 4:4 చూడండి, జీతం ఋణమే గాని దానం కాదంటాడు. అక్కడ పదం వేరు, మిస్థొస్. తెలుగులో మాత్రం రెండూ జీతమే. ఆ తేడా పోయినా వాదానికి నష్టం లేదు.

జమ్మలమడుగు: ఇప్పుడు జీతమంటే నెల నెలా బ్యాంకులో పడేదే. ఒకప్పుడు పల్లెలో జీతగాడంటే ఆసామి దగ్గర ఏడాదికి కుదిరిన మనిషి. ముందే బాకీ తీసుకొనుండేవాడు, తీరందే కదల్లేకపోయేవాడు. విమోచన అంటే ఎవరో ఆ బాకీ కట్టడమని చెప్పొచ్చా అన్నా?

గుత్తి: మార్కు 10:45కు చెప్పొచ్చు, అక్కడ ‘విమోచన క్రయధనము’ అనే ఉంది. రోమా 6లో వెల మాట లేదు. ఇక్కడ విడుదల చావుతో: క్రీస్తుతో కూడా చచ్చినవాడి మీద పాత యజమానికి హక్కు లేదు, 6, 7, 8 వచనాలు అదే. రెండు పోలికలూ కలిపితే ‘బాకీ ఎవరికి కట్టినారు, సాతానుకా?’ అనే ప్రశ్న లేస్తుంది. ఆ చిక్కు ఈ అధ్యాయంలో లేదు.

కడప: అయితే చదివేటప్పుడు?

గుత్తి: 23 ఒక్కటే తీయొద్దు, 20 నుంచి మొదలుపెట్టండి. 22లో “దేవునికి దాసులైనందున” అని వస్తుంది. విడుదలైనవాడు యజమాని లేకుండా పోలేదు, యజమాని మారినాడు. ‘అయితే’ దగ్గర ఆగి చదవండి.