శుక్రవారం సాయంత్రం 5కి ముంబైలో షిప్: ఏ రోజు చేరుకుంటే మంచిది?

కోస్గి పంతులు:

అందరికీ నమస్తే. మాది నారాయణపేట జిల్లాలో కోస్గి దగ్గర ఊరు. సర్కారు బడిలో టీచర్‌ను. డిసెంబరులో అమ్మను, నాయినను షిప్ ఎక్కిస్తున్నాను. ముంబై నుంచి గోవా పోయి రావడం, మూడు రాత్రులు. శుక్రవారం ఎక్కి సోమవారం పొద్దున దిగాలి. షిప్ బయలుదేరేది సాయంత్రం 5కి. మాకిచ్చిన బోర్డింగ్ టైమ్ 1 నుంచి 2 మధ్య. 3:30 తర్వాత వస్తే ఎక్కనివ్వరని టికెట్ మీద స్పష్టంగా రాసి ఉంది.

నా ఆలోచన శుక్రవారం పొద్దున 6 గంటల ఫ్లైట్. 8 లోపల ముంబైలో దిగుతాం, చేతిలో బోలెడంత టైమ్ ఉంటుంది. కానీ దానికి శంషాబాద్‌లో 4 గంటలకల్లా ఉండాలి, అంటే ఊళ్లో అర్ధరాత్రి దాటగానే కారెక్కాలి. నాయినకు మోకాళ్ల నొప్పులు, బీపీ. అమ్మ ఇంతవరకు విమానం ఎక్కలేదు.

నాయిన మాత్రం ఒకటే మాట. "అదే రోజు దిగి అదే రోజు ఓడెక్కుడేంది? ఒక రోజు ముందే పోవాలె." ఆయన మాట వెనక ఒక కథ ఉంది. పదిహేనేళ్లు బొంబాయి వలస పోయిన మనిషి. పాలమూరు బొంబాయి బస్సు గురించి ఇక్కడ చాలామందికి నేను చెప్పనక్కర్లేదు. ఒకసారి దసరాకు ఇంటికి వచ్చి తిరిగి పోయేటప్పుడు, ఊరి నుంచి ఎక్కిన ఆటో దారిలో ఆగిపోయి బస్సు తప్పింది. తర్వాతి బస్సు పట్టుకుని చేరేసరికి గుంపు మేస్త్రీ ఆయన జాగాలో వేరే మనిషిని పెట్టుకున్నాడు. నెల రోజులు నాకా మీద, అంటే కూలీల అడ్డాలో, నిలబడి దొరికిన రోజు కూలికి పోయాడు. ఆ నెల ఇంటికి డబ్బులు రాలేదు, నేను ఆరో తరగతిలో ఉన్నాను, నాకు బాగా గుర్తు. అప్పటి నుంచి బస్సు సాయంత్రం 5కి ఉంటే ఆయన మధ్యాహ్నం 2కే స్టాండ్‌లో సంచి మీద కూర్చుని ఉంటాడు.

ఇక నా ఇబ్బంది సెలవులు. ఈ సంవత్సరానికి సీఎల్‌లు మూడే మిగిలాయి. శుక్రవారం, సోమవారం పోగా ఒకటే ఉంటుంది. పైగా ముంబై ఫోర్ట్ ఏరియాలో చూసిన రూములన్నీ ఒక రాత్రికి ఐదారు వేల మీదే ఉన్నాయి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ముందురోజే పోవడం నిజంగా అవసరమా? లేక ఇది నాయిన భయమేనా?

వనపర్తి అక్క:

తమ్ముడూ, మీ నాయినది భయం కాదు. మాకు జరిగింది చెప్తాను, విన్నాక మీరే నిర్ణయించుకోండి.

మేము నలుగురం, పాపతో కలిపి. హైదరాబాద్ నుంచి పొద్దున 9:40 ఫ్లైట్. మాదీ 5 గంటల షిప్పే, గేటు 3:30కే మూస్తారు. చాలా టైమ్ ఉందనుకున్నాం. మేమెక్కాల్సిన విమానం ఢిల్లీ నుంచి రావాలట, అక్కడ పొగమంచు. 12 దాటాక గానీ మేం కదల్లేదు. ముంబైలో దిగి బ్యాగులు తీసుకునేసరికి 2:15. ఇంకా గంటకు పైగా ఉంది కదా అనుకుంటే కారు శుక్రవారం ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. మా ఆయన డ్రైవర్‌తో "షిప్ ఎక్కాలి" అని మాత్రమే చెప్పాడు. అతను తీసుకుపోయి గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర దింపాడు. అక్కడి నుంచి అడుక్కుంటూ అసలు గేటుకు చేరేసరికి 3:50.

షిప్ అక్కడే ఉంది. తాళ్లతో కట్టే ఉంది. షెడ్డు పైనుంచి తెల్లటి అంతస్తులు, పై డెక్ మీద మనుషులు కనిపిస్తున్నారు. ఇంకా గంటకు పైగా అక్కడే ఉంటుంది. అయినా ఎక్కనివ్వలేదు. లిస్టు అధికారులకు పోయిందమ్మా, ఇక పేర్లు కలపలేం అన్నారు. మా పాప కొత్త టోపీ పెట్టుకుని "అదే కదా మన షిప్" అని చేయి చూపిస్తూనే ఉంది. కట్టిన డబ్బుల్లో ఒక్క రూపాయి తిరిగి రాలేదు. డబ్బు పోయిన బాధ కొన్నాళ్లకు తగ్గింది. పాప అడగడం మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకే చెప్తున్నా, ముందురోజే పోండి. రూముకు పెట్టే ఐదారు వేలను షిప్ టికెట్‌లోనే భాగం అనుకోండి.

వర్లీ నల్లగొండ:

అన్నా, నమస్తే. మా తాత నల్లగొండ నుంచి మగ్గం పని మీద వచ్చి ఇక్కడ మిల్లుల్లో చేరాడు. మేం ఇక్కడే పుట్టి పెరిగాం. నేను పనిచేసేది బల్లార్డ్ ఎస్టేట్‌లో ఒక క్లియరింగ్ ఆఫీసులో. మీ షిప్ ఆగే చోటికి నడిచే దూరమే.

అక్క చెప్పిన లిస్టు సంగతి ముందు చెప్తాను, చాలామందికి ఇది తెలియక గొడవ పడతారు. షిప్ 5కి బయలుదేరుతుందంటే 5 దాకా మనుషులను ఎక్కించుకుంటుందని కాదు. ఎవరెవరు ఎక్కారో పేర్ల జాబితా ముందే అధికారులకు అందాలి. షిప్‌కు దారి చూపించే పోర్టు పైలట్ వచ్చి ఎక్కుతాడు, షిప్‌ను రేవు గోడ నుంచి బయటికి లాగడానికి టగ్ బోట్లు మాట్లాడి పెట్టుకుంటారు. ఇవన్నీ గంట లెక్కన కట్టిన పనులు. ఒక కుటుంబం కోసం ఆపితే మొత్తం వరుస కదిలిపోతుంది. కాబట్టి మీకు షిప్ టైమ్ 5 కాదు, 3:30 అనే అనుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మీరు విమానం, విమానం అంటున్నారు గానీ, తాండూరు మీకు గంట దూరమే కదా? హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం తాండూరులో ఎక్కితే తెల్లవారుజామున సీఎస్‌ఎంటీలో, అంటే ముంబై ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దింపుతుంది. ఆ స్టేషన్ నుంచి మీ షిప్ ఆగే బల్లార్డ్ పియర్ ఒకటిన్నర కిలోమీటరు ఉంటుందేమో. ఎయిర్‌పోర్టు నుంచి అయితే పాతిక కిలోమీటర్లు, నగరం మొత్తం దాటి రావాలి. రైలు నాలుగు గంటలు లేటైనా మీకు ఇంకా టైమ్ మిగులుతుంది. ఒకవేళ గురువారం సాయంత్రం రైలే రద్దయిందనుకోండి, అప్పుడు కూడా శుక్రవారం పొద్దున ఫ్లైట్ అనే దారి ఉంటుంది. ఫ్లైట్‌నే నమ్ముకుంటే, అది పోయాక ఇంకో ఫ్లైట్ తప్ప దారి లేదు, అప్పటికప్పుడు ముగ్గురికి టికెట్లు ఏ రేటులో దొరుకుతాయో మీకు తెలుసు. నేనైతే ఎవరికైనా ఇదే చెప్తాను. ఒకటి తప్పితే ఇంకోటి పట్టుకోవడానికి సందు ఉందా లేదా అని చూసుకోండి.

ఫ్లైట్‌కే వస్తామంటే పొద్దున మొట్టమొదటిదే తీసుకోండి. ఆ విమానం సాధారణంగా రాత్రే వచ్చి అక్కడ ఆగి ఉంటుంది, కాబట్టి వేరే ఊరి మంచు దాన్ని ఆపదు. టికెట్ కొనేటప్పుడు నవీ ముంబై కొత్త ఎయిర్‌పోర్టా, పాతదా అని చూసుకోండి. పాతదాంట్లో దిగితే కారు కోసం చూడకుండా మెట్రో ఎక్కేయండి. 2025 అక్టోబరు నుంచి ఆక్వా లైన్ కఫ్ పరేడ్ దాకా నడుస్తోంది, సీఎస్‌ఎంటీ దగ్గర కూడా స్టేషన్ ఉంది. ట్రాఫిక్ టెన్షన్ ఉండదు.

ఇంకో మాట. రైల్లో వస్తే మీ నాయిన పాత అలవాటు కొద్దీ దాదర్‌లో దిగుదామంటారు. దిగొద్దు, చివరి దాకా రండి. ట్యాక్సీ అతనితో "షిప్" అనకండి, "పోర్ట్" అని కూడా అనకండి. ముంబై పోర్టుకు గ్రీన్ గేట్, రెడ్ గేట్, ఎల్లో గేట్, ఇలా చాలా ఉన్నాయి. పడవ అని అర్థం చేసుకుంటే భావూచా ధక్కాకు తీసుకుపోతారు, అది అలీబాగ్ వైపు పోయే పడవల రేవు. టికెట్ మీద ఏ గేటు రాశారో అది చూపించండి.

రిటైర్డ్ బ్యాంకు, మహబూబ్‌నగర్:

పంతులు గారూ, మేము దంపతులం రెండుసార్లు షిప్‌లో పోయాం. మరీ ముందు పోతే పడే తిప్పలు కూడా చెప్పాలి. మొదటిసారి తొందరపడి పొద్దున 9కే టర్మినల్ దగ్గరికి పోయాం. మా బోర్డింగ్ టైమ్ 1 గంట. లోపలికి రానివ్వలేదు. బయట సరిగా కూర్చోవడానికి లేదు, సామాను పెట్టడానికి లేదు, నాలుగు గంటలు పెట్టెల పక్కన నిలబడ్డాం. మా ఆవిడకు షుగర్, కళ్లు తిరిగి పడిపోయినంత పనైంది. ఊరికి ముందు చేరుకోండి, గేటుకు మాత్రం వాళ్లిచ్చిన టైమ్‌కే పోండి. మధ్యలో గంటలు గడపడానికి సీఎస్‌ఎంటీలో రిటైరింగ్ రూములు ఉన్నాయి, రైలు టికెట్ పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. రూము దొరక్కపోతే కనీసం సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టుకోవచ్చు.

పెద్ద పెట్టెలకు ట్యాగు కట్టి అక్కడే తీసుకుంటారు, అవి సాయంత్రానికో రాత్రికో షిప్‌లో మీ రూముకు చేరతాయి. కాబట్టి మీ నాయిన బీపీ మాత్రలు, ఆధార్‌లు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉంచండి. ఇంట్లో వండినవి లోపలికి పోనివ్వరు. సద్ది కట్టుకుపోతే గేటుకు ముందే తినేయండి.

కోస్గి పంతులు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. అక్కా, మీ పాప మాట చదివి రాత్రి చాలాసేపు అదే ఆలోచించాను.

ఆధార్ అన్నారు కాబట్టి ఒక సందేహం. నాయిన ఆధార్‌లో పేరు ఇంటిపేరుతో కలిపి పూర్తిగా ఉంది. షిప్ టికెట్ మీద నేను ఇంటిపేరుకు ఒక్క అక్షరమే పెట్టాను. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. ఆయన కాలంలో ఎవరు రాసిపెట్టారు, కార్డు తీసేటప్పుడు వాళ్లే అలా వేశారు. టికెట్‌లో మాత్రం అమ్మ చెప్పిన లెక్క ప్రకారం శ్రావణమాసం చూసి ఆగస్టు వేశాను. ఇబ్బంది అవుతుందా?

రిటైర్డ్ బ్యాంకు, మహబూబ్‌నగర్:

అవుతుంది. ఇవాళే ఫోన్ చేసి మార్పించండి. అసలు తేదీ ఏదైనా కానీ, కార్డు మీద ఏముందో టికెట్ మీద అదే ఉండాలి. గేటు దగ్గర మనిషి కార్డును, లిస్టును పక్కపక్కన పెట్టి చూస్తాడు, అంతే. వెబ్ చెక్-ఇన్ పూర్తయ్యాక మార్చడం ఇంకా కష్టం.

కోస్గి పంతులు:

సార్, మార్పించాను. అరగంట ఫోన్ పట్టుకోవాల్సి వచ్చింది గానీ పని అయింది.

రైలు సంగతి వర్లీ అన్న చెప్పేదాకా నాకు తట్టనే లేదు. నిన్న రాత్రి నాయినతో కూర్చుని మాట్లాడాను. హుస్సేన్‌సాగర్‌లో గురువారం సాయంత్రం ఎక్కితే శుక్రవారం తెల్లవారుజామున దిగుతాం, మధ్యాహ్నం దాకా టైమ్ ఉంటుంది, చాలు కదా అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ అమ్మకు నేను పని చేసిన కాడ చూపెట్టాలె రా, ఒక పూట దొరుకుతదా?" అని అడిగాడు. పదిహేనేళ్లలో అమ్మ ఒక్కసారి కూడా బొంబాయి పోలేదు. ఆయన అక్కడ తట్ట మోస్తుంటే ఆమె ఇక్కడ మమ్మల్ని, రెండు బర్రెలను చూసుకుంది. ముందురోజు అని ఆయన పట్టుబట్టింది బస్సు తప్పిన భయంతోనే అనుకున్నాను. ఇది కూడా మనసులో ఉందని నాకు తెలియలేదు.

అందుకని బుధవారం రాత్రి బండికి బుక్ చేశాను. నాంపల్లి నుంచి వచ్చే ముంబై ఎక్స్‌ప్రెస్. అర్ధరాత్రి దాటాక తాండూరుకు వస్తుంది, గురువారం మధ్యాహ్నానికి సీఎస్‌ఎంటీ. బుధవారం బడి చేసుకునే పోవచ్చు, మిగిలిన ఒక్క సీఎల్ గురువారానికి సరిపోయింది. తిరిగి వచ్చేది సోమవారం మధ్యాహ్నం బండికి. అమ్మకు, నాయినకు లోయర్ బెర్తులు దొరికాయి. గురువారం రాత్రికి రిటైరింగ్ రూము కోసం చూస్తున్నాను. దొరికితే దొరికింది, లేకపోతే ఆ ఐదారు వేలు పెట్టేస్తాను.

వర్లీ అన్నా, మీకొక ప్రశ్న. నాయిన చెప్పే గుర్తులు ఇవే. లోయర్ పరేల్ స్టేషన్ బయట వంతెన, దాని పక్కన మూతపడ్డ మిల్లు చిమ్నీ, ఎదురుగా ఇరానీ హోటల్. ఆ హోటల్ పైన కట్టిన నాలుగో అంతస్తు స్లాబుకు ఈయన సెంట్రింగ్ కట్టాడట. ఇంత మాత్రం గుర్తులతో ఆ బిల్డింగ్‌ను కనుక్కోగలమా?

వర్లీ నల్లగొండ:

ఇరానీ హోటళ్లు చాలా వరకు పోయాయన్నా. మిల్లుల జాగాల్లో మాల్స్, టవర్లు వచ్చాయి. కానీ ఎదురుగా బిల్డింగ్ ఉండి ఉంటే నాయిన గుర్తుపడతారు, చేత్తో కట్టినవాళ్లు మర్చిపోరు. గురువారం 4కి నాకు ఆఫీసు అయిపోతుంది. సీఎస్‌ఎంటీ దగ్గరే ఉండండి, నేనే వచ్చి తీసుకుపోతాను. లోకల్ రైల్లో ఆ టైమ్‌కు నాయిన మోకాళ్లతో ఎక్కలేరు, ట్యాక్సీలో పోదాం. జొన్న రొట్టెలు ఎక్కువ కట్టించుకు రండి, మా అమ్మ తిని చాలా రోజులైంది.