నాలుగడుగుల ట్యాంకులో ఆరాటస్ దౌర్జన్యం, డెమసోని తిండి ఉమ్మేస్తోంది

నీలిచార:
ట్యాంకు 4 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. రాళ్లు, ఇసుక పోగా నీళ్లు 210 లీటర్ల దాకా ఉంటాయి. పెట్టి ఆరు వారాలైంది. చేపల్లో ఆరాటస్ 2, ఎల్లో ల్యాబ్ 4, డెమసోని 3, పీకాక్ 2 ఉన్నాయి. పీహెచ్ 7.2, కేహెచ్ (నీటిలోని కార్బోనేట్ల కొలత) 3, వేడి 28 డిగ్రీలు. గంటకు 1000 లీటర్ల ఇంటర్నల్ ఫిల్టర్ ఒక్కటే. మేతగా పొద్దున బ్లడ్ వార్మ్స్ (ఎర్రటి పురుగులు), సాయంత్రం పెల్లెట్లు.

ఆరాటస్‌లో ఒకటి నల్లబడింది. అప్పట్నుంచి మిగతావాటికి నిలవనీడ లేదు. పీకాకులు రెండూ హీటర్ వెనక నక్కి ఉంటున్నాయి. ఒక డెమసోని పెల్లెట్ నోట్లోకి తీసుకుంటుంది, నాలుగు సార్లు నమిలి ఉమ్మేస్తుంది. వెనక తెల్లటి దారంలా మలం వేలాడుతోంది. పీహెచ్ 8 దాటించాలంటే ఏం కలపాలి? ఆరాటస్‌ని ఏం చేయాలి?

రాతిగుట్ట:
పీహెచ్ సంగతి తర్వాత, ముందు ఆ డెమసోని సంగతి చూడండి. నోట్లో పెట్టుకుని ఉమ్మడం, తెల్లటి దారం, రెండూ మలావీ బ్లోట్ (పొట్ట ఉబ్బే జబ్బు) లక్షణాలే. డెమసోని, ఆరాటస్ లాంటి ఎంబూనాలు మలావీ సరస్సులో రాళ్ల మీది పాచిని గీరి తినే చేపలు, పేగు చాలా పొడుగు. బ్లడ్ వార్మ్స్ రోజూ పెడితే ఆ పేగు తట్టుకోలేదు. దానికి తోడు వెంటాడే చేప ఒకటుంటే చెప్పక్కర్లేదు.

40 లీటర్ల విడి తొట్టిలోకి మార్చండి. హీటరు, నడుస్తున్న స్పాంజి ఫిల్టరు ఉండాలి, ఫిల్టరులో కార్బన్ ఉంటే తీసేయండి, మందును పీల్చేస్తుంది. మెట్రోనిడజోల్ 250 మి.గ్రా. ఆ 40 లీటర్లకు రోజుకొకసారి, ఐదు రోజులు. మాత్ర త్వరగా కరగదు, మెత్తగా నూరి గ్లాసుడు నీళ్లలో బాగా కలిపి పోయండి. ప్రతి డోసుకు ముందు మూడో వంతు నీళ్లు మార్చాలి. మొదటి రెండు మూడు రోజులు తిండి వద్దు. పొట్ట ఉబ్బి పొలుసులు లేచేదాకా ఆగితే మందు పనిచేయడం కష్టం.

పెద్ద ట్యాంకులో బ్లడ్ వార్మ్స్ ఈరోజే ఆపేయండి. స్పైరులినా (ఒక రకం నాచు) ఎక్కువున్న పెల్లెట్లు రోజుకు రెండు సార్లు, ఒక్క నిమిషంలో అయిపోయేంత చాలు.

జంటఇసుక:
ఆరాటస్ రెండూ వెళ్లిపోవాల్సిందే. నల్లబడినదాన్ని ఒక్కదాన్నే తీస్తే రెండోది మగదైతే రేపు అది నల్లబడుతుంది. ఆడవైనా ఈ జాతి మెతక కాదు. పీకాకులకూ ఎంబూనాల మధ్య చోటు లేదు, వాటిని వేరే ట్యాంకుకు మార్చండి.

అసలు తప్పు డెమసోని లెక్కలో ఉంది. మూడు అన్నది అన్నిటికన్నా చెడ్డ సంఖ్య. బలమైనది మిగతా రెంటినీ వంతులవారీగా తరుముతుంది. 12కు తగ్గకుండా ఉంటే దెబ్బలు పదిమందికీ పంచుకుపోతాయి, ఏ ఒక్కదానికీ ప్రాణాంతకం కావు. ఈ కొలతకు డెమసోని 12, ఎల్లో ల్యాబ్ 6 చాలు. మూడో జాతి జోలికి పోకండి. కొత్తవన్నీ ఒకేసారి, లైటు ఆపి వదలండి. దానికి ముందు రాళ్లన్నీ తీసి మళ్లీ వేరేగా పేరిస్తే పాతవాటి హద్దులు చెరిగిపోతాయి. రాయిని ఇసుక మీద కాదు, అడుగు గాజు మీద నిలబెట్టి తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. ఇవి తవ్వుతాయి, ఇసుక మీది గుట్ట ఒరిగి అద్దం పగులుతుంది.

వేడి 25కు దించండి, 28 దగ్గర గొడవలు ఎక్కువ.

నీలిచార:
ఇప్పుడే టెస్ట్ చేశా, అమ్మోనియా 0.5 చూపిస్తోంది. స్పాంజి వారం వారం కుళాయి కింద శుభ్రంగా పిండుతున్నా కదా, ఇంకా ఎందుకుంది?

పాచిరాయి:
ఆ పిండటమే కారణం అండీ. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే స్పాంజిలో అమ్మోనియాను తొలగించే బ్యాక్టీరియాను చంపేస్తుంది, మీరు వారం వారం మొదటికి వస్తున్నారు. ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే రెండు సార్లు నొక్కి వదిలేయండి. పోసే నీళ్లకు డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను పోగొట్టే మందు) తప్పనిసరి. 1000 లీటర్ల ఫిల్టరు ఎంబూనాలకు సరిపోదు, అంతే సామర్థ్యమున్నది ఇంకొకటి కలపండి.

అమ్మోనియా సున్నా అయ్యేదాకా పీహెచ్ పెంచొద్దు, కొత్త చేపలూ తేవొద్దు (జంటఇసుక గారి లెక్క బాగుంది, కానీ అది తర్వాత). కారణం ఇదీ: 26 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.2లో మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతమే. 8.2లో అదే సుమారు 9 శాతం. ఇప్పుడు చేపలు ఓర్చుకుంటున్న 0.5 అప్పుడు మొప్పలను కాల్చేస్తుంది. ఈరోజు సగం నీళ్లు, తర్వాత రోజు విడిచి రోజు మూడో వంతు మార్చండి.

సున్నా చూపించాక వంటసోడా వాడండి. బట్టల సోడా కాదు, పొరబాటున కూడా. లీటరుకు 30 మి.గ్రా. కేహెచ్‌ని 1 పెంచుతుంది. వారానికి 70 లీటర్లు మారుస్తారనుకుంటే, పోసే నీళ్ల కేహెచ్ 3 నుంచి 10కి రావడానికి 15 గ్రాములు, అంటే తలగొట్టిన మూడు టీస్పూన్లు. బకెట్లో పూర్తిగా కరిగించి పోయండి, ట్యాంకులో నేరుగా చల్లొద్దు. మొదటి వారం ట్యాంకు కేహెచ్ 5.3కి, రెండో వారం 6.9కి, మూడో వారం 7.9 దగ్గరకు వస్తుంది. పీహెచ్ మెల్లగా 8 వైపు వెళ్తుంది. తొందరపడి ఒకేరోజు లాగితే ఆరోగ్యంగా ఉన్నవీ పడిపోతాయి.

ఫిల్టరులో గుప్పెడు కోరల్ ముక్కలు వేస్తే కాల్షియం వస్తుంది. కానీ పీహెచ్ 7.8 దాటాక అవి దాదాపు కరగవు కాబట్టి దాని మీదే ఆధారపడొద్దు. ట్యాంకులో డ్రిఫ్ట్‌వుడ్ (అలంకరణకు పెట్టే చెక్క) ఉంటే తీసేయండి, అది నీటిని ఆమ్లం వైపు లాగుతుంది.