గడప పక్కన మట్టి గీత, మంచం కింద తెల్ల పొడి: రెండిటికీ ఒకే మందు పనిచేస్తుందా?

పెన్నాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. కనిగిరి రిజర్వాయర్ కింద ఆయకట్టు కాబట్టి పెరటి గోడ దాటితే వరి మడులే. ఇల్లు మా మామగారి తాత కట్టించింది. మద్రాసు మిద్దె, అంటే టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన కప్పు. ముందు వాకిలి ద్వారబంధం కూడా టేకే. పైన గజలక్ష్మి, రెండు పక్కలా చిలకలు చెక్కి ఉంటాయి.

ఈసారి నవంబరు వానలు తగ్గాక ద్వారబంధం కుడిపక్క గడప దగ్గర నుంచి మోకాలెత్తు దాకా మట్టి గీత లేచింది. గోకేస్తే మళ్లీ వచ్చింది. స్క్రూడ్రైవర్ పిడితో తడితే కింద జానెడు మేర డొల్ల శబ్దం వస్తోంది. ఇంకో సమస్య లోపలి గదిలో మామిడి చెక్క మంచం. అక్కడ మట్టి ఏమీ లేదు. కానీ పొద్దున్నే మంచం కోళ్ల కింద మైదాపిండి లాంటి పొడి రాలి ఉంటోంది, చెక్క మీద గుండుసూది తలంత బొక్కలు. ఆ పక్కనే చెక్క బీరువాలో అత్తమ్మ వెంకటగిరి చీరలు ఉన్నాయి.

ఊళ్లో వడ్రంగి ద్వారబంధం పీకేసి కొత్తది పెట్టించుకోమన్నాడు. చెదల మందు కొట్టే అతను వచ్చి చూసి చెక్క మొత్తం స్ప్రే చేస్తానన్నాడు, ఏం మందు అని అడిగితే పేరు చెప్పలేదు. అత్తమ్మ కిరసనాయిలు పొయ్యమంటోంది. ఆ ద్వారబంధం పోగొట్టుకోవడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. బోరు వాకిలికి ఐదారు గజాల దూరంలోనే ఉంది, ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, అదొక టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి_టీచర్

అక్కా, మా కొట్టంలో సర్వి గుంజలకి మెకానిక్ షెడ్డు నుంచి పాత ఇంజన్ ఆయిల్ తెచ్చి, పాతే ముందు కింద రెండడుగులు పూశాం. ఇంతవరకూ చెద పట్టలేదు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ప్రయత్నించి చూడండి.

వడ్రంగం_పొదిలి

అమ్మా, మీ ఇంట్లో ఉన్నవి రెండు రకాల పురుగులు. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. ద్వారబంధానికి పట్టింది మట్టి చెద. దాని కాపురం భూమిలో. చెక్క దగ్గరికి తిండి కోసం వచ్చి పోతుంటుంది. మంచంలో ఉన్నది పుచ్చు పురుగు. అది పుట్టడం, పెరగడం అంతా చెక్క లోపలే, నేలతో దానికి పని లేదు. కాబట్టి వాకిలికి మందు నేలలో పడాలి, మంచానికి చెక్కలో పడాలి. చెక్క పైన స్ప్రే చేసి డబ్బు తీసుకుని పోతే నేలలో ఉన్న గుంపు అలాగే ఉంటుంది, నాలుగు నెలలకి మళ్లీ లేస్తుంది.

నేను పొదిలిలో వడ్రంగం చేస్తా, మా నాయన దగ్గర నేర్చుకున్న పని. పాత ద్వారబంధాలు పీకమని నన్ను చాలామంది పిలుస్తారు. వెళ్లి చూస్తే చాలావరకు పీకాల్సినవి కావు. కింద జానెడు పోయిందని, పైన ఐదడుగులు గట్టిగా ఉన్న చెక్కని తీసి పొయ్యిలోకి పంపిస్తున్నారు. చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ చేవ (లోపలి ముదురు చెక్క) ఉన్న టేకు ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకడం కష్టం. డిపోల్లో వచ్చే తోట టేకుని లేతగానే కొట్టేస్తారు, అందులో తెల్ల చెక్క ఎక్కువ, చేవ తక్కువ. చెద ముందు తినేది ఆ తెల్ల చెక్కనే. నేలని బాగుచెయ్యకుండా మీరు కొత్త ద్వారబంధం పెడితే అది పాతదానికంటే తొందరగా పోతుంది.

ఇక ఆ మట్టి గీత. చెద ఒళ్లు మెత్తన, గాలికీ ఎండకీ ఎండిపోయి చచ్చిపోతుంది. అందుకే మట్టిలో ఉమ్మి కలిపి గొట్టం కట్టుకుని దాని లోపలే నడుస్తుంది. దాన్ని మొత్తం గోకొద్దు. మధ్యలో ఒక్క అంగుళం తుంచి వదలండి. తుంచినచోట మళ్లీ పూడ్చుకుంటే రాకపోకలు జరుగుతున్నట్టే. మందు వేసే మనిషికి దారి చూపించేది కూడా ఆ గొట్టమే. ఊరికే గోకుతూ ఉంటే అది వదిలేసి గోడ లోపలి సందుల్లోంచి ఇంకో దారి పెట్టుకుంటుంది. మీది మద్రాసు మిద్దె అంటున్నారు. దూలం కొనలు గోడలో దిగి ఉంటాయి కదా, అక్కడికి చేరితే మన కంటికి కనపడదు. నాకు వాకిలి కంటే దూలాల గురించే ఎక్కువ భయం. నిచ్చెన వేసి ప్రతి దూలం కొననీ సుత్తి పిడితో తట్టి చూడండి. ఇది వాయిదా వెయ్యొద్దు.

చెద పట్టిన ఇంటికి పోతే నేను ముందు వెతికేది తడి ఎక్కడి నుంచి వస్తోందని. గడప శుక్రవారం కడిగి పసుపు రాస్తారు కదా, బిందెతో పోస్తారా, తడిగుడ్డతో తుడుస్తారా? వాకిలి ముందు అరుగు వాలు బయటికి ఉందా, ఇంటివైపు ఉందా? మిద్దె మీది వాననీటి గొట్టం ఎక్కడ పడుతోంది? ఆ కుడిపక్క గోడవారన మొక్కలు, కట్టెలమోపు, పాత అట్టపెట్టెలు ఏమన్నా ఉన్నాయా? ఉసిళ్లు (రెక్కలొచ్చిన చెదలు) లేచాయా? లేస్తే ఇంటి లోపల లేచాయా? ఇవి చూసి రాయండి.

టీచరు గారూ, మీరు చేసింది కొట్టానికి సరే. కానీ పాప తిరిగే ఇంట్లో ఇంజన్ ఆయిల్ వద్దు. ఒంటికి మంచిది కాదు, వాసన పోదు, దాని మీద రంగు నిలవదు, పైగా నిప్పుకి తొందరగా అంటుకుంటుంది. గడప మీద దీపం పెట్టే ఇల్లు అది. కిరసనాయిలు తగిలిన పురుగుని చంపుతుంది, అంతే. ఆరిపోయాక అందులో కాపలా ఏమీ మిగలదు.

పెన్నాతీరం

మేస్త్రి గారూ, మీరు అడిగినవన్నీ ఉన్నాయి! గొట్టం తుంచితే రెండో రోజుకే పూడ్చేసింది. అత్తమ్మ గడప బిందెతోనే కడుగుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా వీధిలోకి నీళ్లొచ్చాయి, ఆ తర్వాత అరుగు ఎత్తు పెంచి కొత్తగా వేశారు. ఇప్పుడు చెంబుతో నీళ్లు పోసి చూస్తే వాలు ఇంటివైపే ఉంది. కుడిపక్క గోడకి ఆనించి సన్నజాజి తీగ ఉంది, దానికి రోజూ నీళ్లు పోస్తాం. దీపావళి ముందు వానకి ఉసిళ్లు హాల్లో లేచాయి, తెల్లారి రెక్కలు వాకిలి మూలనే ఎక్కువగా పడి ఉన్నాయి. మా ఆయన దూలాలన్నీ తట్టి చూశారు, అన్నీ గట్టిగానే మోగుతున్నాయి. అది విన్నాక కొంచెం ప్రాణం కుదుటపడింది.

ఒంగోలు_మందులషాపు

అమ్మా, డోసుల సంగతి నేను రాస్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఇళ్లలో చెదలకి మామూలుగా వాడేవి ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ, క్లోరిపైరిఫాస్ 20 శాతం ఈసీ. ఆ ఇంగ్లీషు అక్షరాలు డబ్బా మీద మందు రకం చెప్పే గుర్తులు. మొదటిది లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్లు. రెండోది లీటరు మందుకి 19 లీటర్ల నీళ్లు. సుడిదోమకి వరిలో కొట్టే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ఎస్‌ఎల్ కూడా షాపుల్లో ఉంటుంది, పేరు ఒకటే కదా అని అది తీసుకుపోతారు. ఆ లేబుల్ పొలానికి, దాన్ని ఇంట్లో వాడొద్దు. డబ్బా మీద చెదలకి అని ఉందో లేదో చదివి తీసుకోండి. పేరు చెప్పని మనిషి చేత మందు కొట్టించుకోవద్దు. మీ ముందే సీలు తీసి మీ ముందే కలపాలి.

మీకైతే ఇమిడాక్లోప్రిడే నయం. దానికి వాసన దాదాపు ఉండదు. చెదకి అక్కడ మందు ఉందని తెలియదు, అందులోంచే నడిచిపోయి, ఒకదానికొకటి తిండి పంచుకునేటప్పుడు గూట్లో మిగతావాటికీ అంటిస్తుంది. అందుకే వేసిన మర్నాడే గొట్టం ఖాళీ కాలేదని కంగారుపడొద్దు, కొన్ని వారాలు పడుతుంది.

కట్టిన ఇళ్లకి చెదల మందు ఎలా వెయ్యాలో ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం మూడో భాగంలో ఉంది. గచ్చూ గోడా కలిసేచోట 12 మిల్లీమీటర్ల బెజ్జాలు, అడుగుకొకటి, ఒక్కోదాంట్లో పీల్చుకున్నంత, ఎక్కువలో ఎక్కువ లీటరు. ద్వారబంధం గోడని ఆనుకునేచోట 6 మిల్లీమీటర్ల బెజ్జాలు కిందికి ఏటవాలుగా, ఒక్కోదాంట్లో అర లీటరు దాటకుండా. తర్వాత బెజ్జాలన్నీ సిమెంటుతో పూడ్చాలి.

బోరు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మందు నీళ్లలో కలవకూడదు. బోరు ఉన్న వైపు కందకం తవ్వి లీటర్లకు లీటర్లు పోస్తానంటే ఒప్పుకోవద్దు. ఇంటి లోపలి వైపు నుంచి బెజ్జాలే వేయించండి. పాపని ఆ రోజు బంధువుల ఇంట్లో ఉంచి, తడి మొత్తం ఆరాక తీసుకురండి. నేలలో మందే వద్దనుకుంటే ఎర పెట్టెల పద్ధతి కూడా ఉంది. చెద కుబుసం విడవకుండా చేసే మందు ఆ ఎరలో ఉంటుంది, గూడు నెమ్మదిగా నశిస్తుంది. కాకపోతే నెలల తరబడి ఓపిక పట్టాలి, మధ్యమధ్యలో మనిషి వచ్చి చూసుకోవాలి.

వడ్రంగం_పొదిలి

షాపు అన్న చెప్పింది సరైన మాట. ఇక నా పని చెప్తా.

మందు కంటే ముందు ఆ సన్నజాజిని తవ్వి గోడకి దూరంగా నాటండి. అరుగు వాలు బయటికి తిప్పించండి. అమ్మగారికి నా మాటగా చెప్పండి, గడపకి పసుపు కుంకుమ ఎప్పటిలాగే పెట్టుకోవచ్చు, కడగడం మాత్రం తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలు. ఉసిళ్ల రెక్కలు వాకిలి మూలన పడ్డాయంటే ఆ గచ్చు కిందే గూటికి దారి ఉండొచ్చు. బెజ్జాలు వేసే మనిషికి ఆ మూల తప్పకుండా చూపించండి.

మందు వేశాక తొందరపడి చెక్క పని పెట్టుకోవద్దు. గొట్టం తుంచితే పూడ్చుకోవడం ఆగిపోవాలి. అది ఆగాక కూడా ఒక నెల చూడండి. అప్పుడు డొల్లపడిన ఆ జానెడే కోసి, అక్కడ చేవ ఉన్న టేకు గానీ, బాగా ఆరిన ముదురు వేప చేవ గానీ ఏటవాలు కోతతో అతుకు వేస్తే చాలు. అతుకు ముక్క అడుగు నేరుగా మట్టికి తగలకూడదు, కింద గ్రానైటు ముక్క పరవాలి. చీమకుర్తి రాయి మన జిల్లాల్లో ఎక్కడైనా దొరుకుతుంది. మీ చిలకలు, గజలక్ష్మి అన్నీ అలాగే ఉంటాయి. ఈ పని తెలిసిన వడ్రంగులు నెల్లూరులో ఇంకా ఉన్నారు. పీకుదాం అన్న మనిషికి ఒప్పుకోకండి.

మంచం సంగతి. ఆ బొక్కలు పురుగు లోపలికి పోయినవి కావు, ఎదిగి రెక్కలొచ్చి బయటికి పోయినవి. కాబట్టి బొక్కలు చూసి పురుగు ఉందని అనుకోలేం, కొత్త పొడి రాలితేనే ఉన్నట్టు. మీకు రోజూ రాలుతోంది కాబట్టి ఉంది. మామిడి, బూరుగు లాంటి చెక్కల్లో పిండి పదార్థం ఎక్కువ, దానికి కావలసింది అదే. పొడి వేళ్ల మధ్య నలిపితే మెత్తగా ఉంటే పుచ్చు. గరగరలాడే సన్నటి గింజలుగా ఉంటే అది నేలతో పని లేని ఎండు చెద, అప్పుడు మళ్లీ రాయండి.

పుచ్చే అయితే మంచం విప్పి, పాలిష్ మొత్తం ఉప్పుకాగితంతో రుద్ది తీసెయ్యండి. పాలిష్ ఉంటే మందు లోపలికి దిగదు. లీటరు వేడినీళ్లలో 60 గ్రాముల బోరాక్స్, 40 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, గ్లౌజులు వేసుకుని, బ్రష్‌తో నాలుగు వైపులా తడిసేలా పూయండి. ఆరాక మళ్లీ పూయండి. బొక్కల్లోకి సిరంజితో ఎక్కించండి. బాగా ఆరాకే పాలిష్. ఇది నీళ్లకి కొట్టుకుపోయే మందు, అందుకే గడపకి వాడొద్దు. గరిటెలు, చపాతీ కర్రల లాంటి వంటింటి చెక్కకి కూడా వద్దు. బీరువాని గోడకి నాలుగు అంగుళాలు ఇవతలికి జరిపి, చీరలు ఒకసారి దించి వెనక చెక్క చూడండి.

ఉలవపాడు_మామిడితోట

మేస్త్రి గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పంచ వాసాలకి పెద్ద నల్ల తుమ్మెదలు వేలు దూరేంత బొక్కలు పెడుతున్నాయి. ఇంకో మాట, పందిరికి కొత్తగా వెదురు కొట్టాం. అది కూడా పుచ్చుతుందా?

వడ్రంగం_పొదిలి

తుమ్మెద చెక్కని తినదు అన్నా, గుడ్లు పెట్టడానికి తొలుస్తుంది. రంగు వేసిన వాసం జోలికి అంతగా రాదు. అది బయటికి పోయాక బొక్కలో చెక్క బిరడా కొట్టి వాసానికి పెయింటు వెయ్యండి. తోటకి పనికొచ్చే జీవి, చంపొద్దు. వెదురు పుచ్చుతుంది. పందిరి వేసే ముందు కొన్ని వారాలు చెరువులో నానబెట్టండి, లోపలి పిండి పదార్థం నీళ్లలోకి దిగిపోతుంది. తీశాక నీడలో ఆరబెట్టండి.

పెన్నాతీరం

మేస్త్రి గారూ, షాపు అన్నా, మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్. సన్నజాజిని ఈరోజే తీయించాం. తుడవడానికి అత్తమ్మ ఒప్పుకుంది. బెజ్జాలు వేసి మందు ఎక్కించే ఇంకో అతన్ని నెల్లూరు నుంచి ఆదివారం రమ్మన్నాం, మందు పేరు ఫోనులోనే చెప్పాడు. ఒక్క సందేహం, డొల్లపడిన చెక్క లోపలికి కూడా మందు ఎక్కించమని అడగాలా?

వడ్రంగం_పొదిలి

అడగండి. ఇంటి లోపలి వైపు నుంచి, చెక్కడం లేని చోట, 3 మిల్లీమీటర్ల బెజ్జాలు జానెడు లోపు ఎడంతో కిందికి వాలుగా వేసి సిరంజితో ఎక్కించాలి. చెక్కలోకి నూనె గానీ కిరసనాయిలు గానీ కలిపిన మందు అయితే బాగా దిగుతుంది, నీళ్ల మందు అంతగా దిగదు. కిరసనాయిలుది అయితే ఆరేదాకా గడప మీద దీపం వద్దు. 12, 6, 3, మూడు సైజుల బిట్లూ తెచ్చుకోమని అతనికి ముందే ఫోను చేసి చెప్పండి. ఒక్క 12 బిట్టుతో వచ్చి దాంతోనే మీ ద్వారబంధానికి బెజ్జాలు పెడతానంటే ఆపెయ్యండి.